నాలుగున్నర అడుగుల ప్లైవుడ్, ట్యునీషియా పాస్‌వర్డ్లు

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడతా ఉందా? సరే. ఒంగోలు పిలిచి సైబర్ దాడుల మీద మాట్లాడమన్నారు, నేనేం ఎక్స్‌పర్ట్‌ని కాదబ్బా, కావలి ట్రంక్ రోడ్డు పక్కన పదకొండేళ్లు నెట్ సెంటర్ నడిపినోణ్ణి, అక్కణ్ణించే మొదలుపెడతా.

2011 ఏప్రిల్లో కేంద్రం సైబర్ కేఫ్‌లకి రూల్స్ తెచ్చింది. వచ్చినోళ్ల ఐడీ కార్డు చూడాల, పేరూ అడ్రసూ టైమూ రిజిస్టర్లో ఎక్కించాల, ఎవరేం చూశారో ఆ లాగ్ ఏడాదిపాటు దాచాల. క్యాబిన్ల మధ్య అడ్డాలు నాలుగున్నర అడుగులు మించకూడదు. నావేమో ఆరడుగులు! వడ్రంగిని పిలిపించి ప్లైవుడ్డంతా కోయించా, తెగిన ముక్కలు మా అత్త కోళ్లగూటికి తలుపులైనాయి.

దానికి నాలుగు నెలల ముందు ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా దేశంలో ఏం జరిగిందో చూడండి. 2010 డిసెంబర్ 17న సిదీ బూజిద్ అనే ఊళ్లో తోపుడు బండి మీద కూరగాయలమ్మే బువాజిజీ కాటా లాక్కున్నారు, ఆఫీసుకి పోతే పట్టించుకున్నోడు లేడు, ఆ ఆఫీసు ముందే ఒళ్లు కాల్చుకున్నాడు. కాటా పోతే తోపుడు బండోడి బతుకేమైపోద్దో నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఎవర్నడిగినా చెప్తారు. జనం రోడ్డెక్కారు, వీడియోలన్నీ ఫేస్‌బుక్కులో.

అప్పుడు ఆ దేశంలో ఫేస్‌బుక్ లాగిన్ పేజీ తెరిస్తే, పేజీ మీ దగ్గరికొచ్చే దార్లోనే ఎవరో నాలుగు లైన్ల కోడ్ కలిపేవాళ్లు. మీ కంటికి అదే నీలం రంగు పేజీ, ఏం తేడా తెలవదు, పాస్‌వర్డ్ కొట్టగానే అది ఇంకోళ్ల చేతికి పోయేది, తెల్లారేసరికి మీ పేజీయే ఉండదు. దేశం మొత్తం నెట్‌లైన్ల మీద చెయ్యి ఉన్నోడికే అది సాధ్యం. ఫేస్‌బుక్ వాళ్లు ఆ దేశపోళ్లని హెచ్‌టీటీపీఎస్‌లోకి, అంటే దార్లో ఎవరూ చదవకుండా, ఏం కలపకుండా తాళమేసి పంపే పద్ధతిలోకి మార్చాకే అది ఆగింది. సైబర్ దాడి అంటే మనకి ముసుగేసుకున్న కుర్రోడు గుర్తొస్తాడు, ఇక్కడ దాడి చేసింది సర్కారు అని నా లెక్క.

కుర్రోళ్లూ చేశారులే. జనవరి 2 నించి అనానిమస్ అనే పేరూ మొహం తెలవని నెట్ గుంపు పేరుతో ట్యునీషియా సర్కారు సైట్లు పడగొట్టారు. పడగొట్టడం అంటే హ్యాకింగ్ కూడా కాదు, మన ఆర్టీసీ బస్టాండ్ ఎంక్వైరీ కిటికీ దగ్గర వెయ్యిమంది నిలబడి బస్సు ఎక్కకుండా ఊరికే టైం అడుగుతా ఉంటే ఎట్టా ఉంటది, అంతే. దూబగుంట ఆడోళ్లు సారా కొట్టుని కమ్ముకున్నట్టు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు మొహాలు చూపించి నిలబడ్డారు, అందుకే 1993లో సారా నిషేధం వచ్చింది. ముసుగు వెనక ఎవడున్నాడో ఎట్టా చెప్తాం? 2007లో ఎస్టోనియా వాళ్లు సోవియట్ కాలం నాటి సైనికుడి విగ్రహాన్ని ఇంకో చోటికి మార్చారని బ్యాంకులూ పేపర్ల సైట్లూ ఇట్టానే ముంచేశారు, అక్కడ గుంపు పెద్ద దేశం రష్యా పక్షాన ఉంది. చివరికి దొరికిందెవరంటే ఒక స్టూడెంటు, 17,500 క్రూన్ల (అప్పటి వాళ్ల డబ్బు) ఫైను. ఇక్కడైతే ఐటీ చట్టం 66 కింద మూడేళ్ల దాకా జైలు. కుర్రోళ్లు వింటా ఉండారు కాబట్టి చెప్తా ఉండా.

నోరు నొక్కిన చోటే ఇట్టాంటివి మొలుస్తాయి, మొలిచాక అదే సాకుతో ఇంకా నొక్కుతారు. ట్యునీషియాలో జనవరి 6న స్లిమ్ అమామూ అనే బ్లాగర్ని పట్టుకుపోయారు. 14న ప్రెసిడెంట్ బెన్ అలీ దేశం వదిలి పారిపోయినాడు. వారం తిరక్కుండా ఆ అమామూనే యువజన, క్రీడల శాఖలో సహాయ మంత్రి! మన సినిమాల్లో కూడా ఇంత తొందరగా అవదు. ఐతే మే నెలలో ఆర్మీ అడిగిందని కొత్త సర్కారు మళ్లీ కొన్ని సైట్లు బ్లాక్ చేసింది, ఆయన రాజీనామా చేసి బయటికొచ్చేశాడు.

నేనప్పుడు కావల్లో రిజిస్టర్లో పేర్లు ఎక్కిస్తా ఉన్నా. టీ వచ్చినట్టుంది, తాగతా అడగండి ఏమైనా ఉంటే.