రసీదు 101, లాగ్‌లో 102

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. పిల్లలూ, డేటాబేస్‌లో వ్యూల గురించి, అంటే పేరు పెట్టి దాచుకున్న క్వెరీల గురించి మాట్లాడమన్నారు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మీ క్వెరీ, అంటే మీరు రాసే ఆదేశం, ముందు దాన్ని చదివి అర్థం చేసుకునే పార్సర్‌కి వెళ్తుంది, తర్వాత దాన్ని ఎలా నడపాలో తేల్చే ప్లానర్‌కి చేరుతుంది. మధ్యలో రీరైటర్ ఉంటుంది. వ్యూ మీద సెలెక్ట్, అంటే డేటా చూపించమనే క్వెరీ, రాస్తే, వ్యూ పేరు ఉన్నచోట దాని అసలు క్వెరీని తెచ్చి పెట్టేది అదే. వ్యూ అంటే లోపల ఒక రూలే, అంటే క్వెరీని ఇలా మార్చమని రీరైటర్‌కి చెప్పే సూచన. 1986లో బర్క్‌లీలో స్టోన్‌బ్రేకర్ బృందం పని మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ నుంచి వచ్చిన ఆలోచన ఇది, చాలా గొప్పది. వ్యూల సంగతి ఇంతే. నేను చెప్పాలని వచ్చింది ఇన్సర్ట్ మీద, అంటే టేబుల్‌లో కొత్త రో (వరస) చేర్చే ఆదేశం మీద, పెట్టే రూలు గురించి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసుకి ఫీజు రసీదుల టేబుల్ చేశాను. నంబరు సీక్వెన్స్ నుంచి వస్తుంది, అది అడిగిన ప్రతిసారీ తర్వాతి నంబరు ఇస్తుంది. ప్రతి రసీదూ లాగ్‌లో, అంటే నమోదు కోసం పెట్టిన రెండో టేబుల్‌లో కూడా పడాలని ‘డూ ఆల్సో’ (ఇది కూడా చెయ్యి) రూలు రాశాను. ‘న్యూ డాట్ ఐడీ’ అంటే ఇప్పుడే పడ్డ నంబరు అనుకున్నాను. కాదు. రీరైటర్ పనిచేసేటప్పటికి ఆ రో ఇంకా పుట్టనే లేదు. అందుకని ‘న్యూ డాట్ ఐడీ’ ఉన్నచోట సీక్వెన్స్‌ని తర్వాతి నంబరు అడిగే ‘నెక్స్ట్‌వాల్’ అన్న పిలుపునే అతికించింది. రెండు ఇన్సర్ట్‌లు, రెండు పిలుపులు. రసీదు 101 అయితే లాగ్‌లో 102. తర్వాతి రసీదు 103, లాగ్‌లో 104. ఒక్కటీ కలవలేదు.

సాయంత్రం ఆఫీసువాళ్లు కౌంటర్లో కూర్చునే అక్కను నిలబెట్టి అడిగారు, “మధ్యలో రసీదులేవమ్మా?” అని. ఆవిడ సొరుగులో డబ్బు మూడుసార్లు లెక్కపెట్టింది. రూపాయి తేడా లేదు. అయినా కళ్లు తుడుచుకుంటూనే ఇంటికెళ్లింది. తప్పు నా రూలుదని నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. అందరి ముందూ ఆవిడకు క్షమాపణ చెప్పాను. ఆ రెండు రోజుల టెన్షన్ మాత్రం ఆవిడే పడింది.

వెనక బెంచీల్లో ఉన్నవాళ్లూ వినండి. రూలు రోను చూడదు, క్వెరీని తిరగరాస్తుంది, అంతే. ఇన్సర్ట్ తర్వాత ఒక్కో రోకి నడిచే ట్రిగ్గర్ రాస్తే అసలు పడ్డ నంబరే చేతికొస్తుంది. ‘కాపీ’ కమాండ్‌తో డేటా ఎక్కిస్తే రూలు నడవనే నడవదు, ట్రిగ్గర్ నడుస్తుంది. వ్యూలోకి రాయాలన్నా 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి ఆ ఇన్సర్ట్‌కి బదులుగా నడిచే ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’ ట్రిగ్గర్ ఉంది. లాగ్ కోసం రూలు రాయకండి, దయచేసి.

ల్యాబ్ ఐదింటిదాకా తెరిచే ఉంటుందట. రెండు టేబుల్స్, ఒక రూలు, మూడు ఇన్సర్ట్‌లు. రెండు టేబుల్స్‌నీ పక్కపక్కన పెట్టి నంబర్లు చూడండి. నేనూ వస్తాను.