హాపర్ ఇల్లు, అక్క ఏనుగు

లలిత: మన పాడ్‌కాస్ట్ వింటున్న అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, ఈసారి ఆలస్యానికి కారణం నేను కాదు.

చిన్నా: పచ్చ గొడుగు ఆంటీ.

లలిత: ఒరేయ్, ఆవిడ వింటుంది. సరే, పోయిన శనివారం న్యాక్ వెళ్లాం. న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది ఒడ్డున చిన్న ఊరు. ఎడ్వర్డ్ హాపర్ పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అదేరా, అర్ధరాత్రి హోటల్లో నలుగురుంటారు, పెద్ద గాజు అద్దం, ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఆ బొమ్మ వేసినాయన.

చిన్నా: మన పెదనాన్నగారింట్లో భోజనాల్లా.

లలిత: నోర్ముయ్. ఆ ఇల్లు 1858లో వాళ్ల అమ్మ తరఫు తాతగారు కట్టించారట. ఈయన పుట్టింది 1882లో. కుర్రాడప్పటి బొమ్మలు, పెన్సిల్ గీతలు, పడవలు...

చిన్నా: బొమ్మల పక్కన అంటించే చీటీల సంగతి చెప్పనా?

లలిత: ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు.

చిన్నా: నేను లెక్కపెట్టానక్కా. నీలం స్వెట్టర్ ఆయన ఒక బొమ్మ ముందు నిలబడ్డాడు. పక్కన గోడ మీద చీటీ చదవడానికి నలభై సెకన్లు, బొమ్మకి నాలుగు. చీటీలన్నీ పీకేస్తే గానీ జనం బొమ్మలు చూడరు.

లలిత: ఈ మాట హైదరాబాద్‌లో సాలార్‌జంగ్‌కి వెళ్లినప్పుడూ అన్నావు. నాకు నచ్చింది పై గది. తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీద ఏటవాలుగా పడుతోంది. పెద్దయ్యాక ఆయన జన్మంతా వేసింది ఆ ఎండనే కదా! ఖాళీ గది, గోడ మీద ఎండ. ఇంకోటి, తొమ్మిదేళ్లప్పుడు ప్రోగ్రెస్ కార్డు వెనకాల వేసిన బొమ్మ ఉంది. పిల్లాడు చేతులు వెనక్కి కట్టుకుని సముద్రం వైపు చూస్తుంటాడు. మనకి వీపే కనిపిస్తుంది. 1891.

చిన్నా: మనం ప్రోగ్రెస్ కార్డు వెనకాల నాన్న సంతకం వేసేవాళ్లం.

లలిత: నువ్వు వేసేవాడివి.

చిన్నా: సరే గానీ, అసలు సంగతికి రా. దొంగతనం.

లలిత: దొంగతనం అనకు.

చిన్నా: వినేవాళ్లకి చెప్తా. పదిహేనేళ్ల వయసులో హాపర్ వేసిన ఆయిల్ పెయింటింగ్ ఒకటుంది. దాని పేరు ‘న్యాక్‌లో పాత మంచు చెరువు’. ఆయన సొంత ఊరి చెరువు చూసి వేశాడనే ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. 2020లో లండన్‌లో పీహెచ్‌డీ చేసే ఒకాయన పాత పత్రికలు తిరగేస్తుంటే అచ్చం అదే బొమ్మ దొరికింది. బ్రూస్ క్రేన్ అనే ఆయన వేసినది, 1890లో ‘ఆర్ట్ ఇంటర్‌చేంజ్’ అనే పత్రికలో పడింది. అంటే అది న్యాక్ చెరువే కాదు! చీటీ అబద్ధం చెప్పింది. నేను మొదట్నించీ చెప్తున్నది ఇదే.

లలిత: ఆ పత్రిక బొమ్మలు నేర్చుకునేవాళ్ల కోసమేరా. చూసి వెయ్యండి అనే వాళ్లు అచ్చేసేది.

చిన్నా: నేర్చుకోమను. కానీ పెద్దయ్యాక ఏమన్నాడు? నా మీద ప్రభావం ఎవరిదైనా ఉందంటే అది నాదే అన్నాడు. పడవల బొమ్మ ఒకటి కూడా అంతే, ఎడ్వర్డ్ మోరన్ అనే ఆయన బొమ్మ చూసి వేసిందే.

లలిత: పదిహేనేళ్ల పిల్లాడు వెయ్యక ఏం చేస్తాడు? నేను వేసింది కూడా అంతే కదా.

చిన్నా: వచ్చింది ఏనుగు.

లలిత: రానీ. ఏడో క్లాసు. చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్యగారి బొమ్మ, ఏనుగు మీద రాజకుమారుడు. అట్ట మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, డ్రాయింగ్ షీటు మీద దానికి రెట్టింపు గళ్లు గీసి, ఒక్కో గడీ చూసి వేశా. కంటి చుట్టూ ముడతలకే రెండు రోజులు పట్టింది. తొండం దగ్గర ఒక గడి తప్పి అది కాస్త పొడుగొచ్చింది. వపా మన శ్రీకాకుళం ఆయన, ఆయన రంగుల్లాంటి రంగులు నా పెట్టెలో ఎక్కడుంటాయి? పసుపులో ఎరుపు కలిపి నానా తంటాలు పడ్డా. జిల్లా పోటీకి పంపారు. తర్వాత కాపీ అని పక్కన పెట్టేశారు. అందరి ముందూ. ఆ తర్వాత నేను బ్రష్ ముట్టుకోలేదు.

చిన్నా: ముట్టుకున్నావు. సంక్రాంతికి కుండ మీద...

లలిత: కుండ లెక్కలోకి రాదు. ఆ ముందు బెంచీ అమ్మాయే చెప్పి ఉంటుంది. ఇరవయ్యేళ్లు దానితో మాట్లాడలేదు. పెళ్లికి కూడా వెళ్లలేదు.

చిన్నా: హాపర్ది చెప్పు. 1913లో ఒక పెయింటింగ్ అమ్ముడైంది, 250 డాలర్లకి. తర్వాత పదేళ్లు ఒక్కటీ ఎవరూ కొనలేదు. పొట్టకూటికి పత్రికలకి బొమ్మలేసేవాడు, ఆ పనంటే అసహ్యం...

లలిత: ఇంత గబగబా చెప్తున్నావేంటి?

చిన్నా: టైమ్ అవుతోంది కదా.

లలిత: చిన్నా.

చిన్నా: ఆ అమ్మాయి కాదక్కా.

లలిత: ఏంటి?

చిన్నా: చందమామ స్కూలుకి పట్టుకెళ్లింది నేను. డ్రాయింగ్ మాస్టారికి చూపించా. చూడండి సార్, మా అక్క అచ్చు గుద్దినట్టు వేసింది అని.

లలిత: ...

చిన్నా: నేను మూడో క్లాసు. కాపీ అంటారని నాకేం తెలుసు? గొప్పనుకున్నా.

లలిత: ఆ సంచిక ఏమైంది?

చిన్నా: మాస్టారు తిరిగివ్వలేదు.

లలిత: అమ్మ ఏడాది సంచికలన్నీ దారంతో కుట్టిపెట్టుకునేది. ఆ ఏడు పదకొండే ఉన్నాయి. పోగొట్టానని నేను దెబ్బలు తిన్నాను రా.

చిన్నా: తెలుసు. నేను గుమ్మంలోనే ఉన్నా.

లలిత: ఉండు, అమ్మకి ఫోన్ చేస్తా.

చిన్నా: ఇప్పుడక్కడ తెల్లవారుజాము నాలుగు. హాపర్ పారిస్ సంగతి ఇంకా...

లలిత: లేచే ఉంటుంది. ఆ మైకు ఆపు.

చిన్నా: ఇది తీసేద్దామా?

లలిత: ఆపమన్నానా!