పెళ్ళి లెక్కలు రాసినాయన మూడు పెళ్ళిళ్ళు

హోస్ట్: నమస్కారం. ఈ వారం మన మనిషి ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రోస్. ముందే చెప్తున్నా, జీన్స్ ప్యాంట్ల ఆయన కాదు.

మేడమ్: ఆ తంటా ఆయనకీ తప్పలేదండీ. యుద్ధకాలంలో న్యూయార్క్‌లో పాఠాలు చెప్పేటప్పుడు పేరు విని పిల్లలు నవ్వుతారని క్లోద్ ఎల్. స్ట్రోస్ అని కుదించారు.

హోస్ట్: 1949లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకం అంతా పెళ్ళిళ్ళ గురించే. మరి ఆయన పెళ్ళిళ్ళు?

మేడమ్: మొదటిది 1932లో, దీనా డ్రెఫ్యూస్‌తో. ఆవిడా తత్వశాస్త్రం చదువుకున్నావిడే. 1935లో ఇద్దరూ బ్రెజిల్‌ వెళ్ళారు. సావో పౌలో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఆయనది. కానీ ఆ ఊళ్ళో క్షేత్రపరిశోధన ఎలా చెయ్యాలో తరగతులు పెట్టి నేర్పింది దీనా. రచయిత మారియో ద ఆంద్రాద్‌తో కలిసి అక్కడ జానపద అధ్యయన సంఘం పెట్టిందీ ఆవిడే. కదివేవు, బొరోరో అనే బ్రెజిల్ తెగల దగ్గర సేకరించిన వస్తువులతో 1937లో పారిస్‌లో ప్రదర్శన జరిగితే దానిమీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

హోస్ట్: మరి ఇప్పుడు ఒక్క పేరే ఎందుకు మిగిలింది?

మేడమ్: 1938 యాత్ర దగ్గర తెగింది. నంబిక్వారా అనే తెగ మధ్య ఉండగా కళ్ళకలక వచ్చింది, చీము కారే రకం. ముందు దీనాకే అంటుకుంది. చూపు పోతుందేమోనన్న స్థితిలో వెనక్కి పంపేశారు. మిగతా యాత్ర ఆవిడ లేకుండానే సాగింది. 1939లో విడిపోయారు. 1955లో ఆయన ఆ ప్రయాణాల గురించి పుస్తకం రాస్తే అందులో దీనా దాదాపు కనిపించరు. కళ్ళజబ్బు దగ్గర మాత్రం ‘నా భార్య’ అని వస్తుంది. నా లెక్కలో అది పొరపాటు కాదు, ఎంపిక.

హోస్ట్: పెళ్ళంటే ఇళ్ళ మధ్య ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం అన్న ఆయన సిద్ధాంతానికి వద్దాం. మన మేనరికంతో చెప్పండి.

మేడమ్: దానితోనే సులువు. మేనమామ కూతుర్ని మాత్రమే చేసుకోవాలి, అదీ రూలు అనుకుందాం. అప్పుడు మీ నాన్నగారు ఏ ఇంటి అల్లుడో మీరూ ఆ ఇంటి అల్లుడే, మీ అబ్బాయీ అంతే. పిల్లని తెచ్చుకోవడమే తప్ప ఆ ఇంటికి మీ పిల్లని ఇవ్వలేరు.

హోస్ట్: ఇస్తే ఏమవుతుంది?

మేడమ్: మీ చెల్లెలు ఆ ఇంటి కుర్రాడికి ఏమవుతుంది? మేనత్త కూతురు. మేనమామ కూతురు కాదు కదా, రూలు తప్పింది. కాబట్టి మీ పిల్ల మూడో ఇంటికి వెళ్ళాలి. ఆ మూడో ఇల్లు మొదటి ఇంటికి ఇస్తే గొలుసు మూసుకుంటుంది. అంటే కనీసం మూడిళ్ళు. ఎన్ని ఇళ్ళు చేరితే అంత పెద్ద చుట్టరికం, కాకపోతే మనం ఇచ్చిన పిల్లకి బదులు పిల్ల ఎప్పటికి వస్తుందో తెలియదు. మేనమామ కూతురూ, మేనత్త కూతురూ ఇద్దరూ పనికొస్తారంటే రెండిళ్ళు చాలు.

హోస్ట్: కుండమార్పిడి!

మేడమ్: అచ్చంగా అదే. ఇక మేనత్త కూతురు మాత్రమే అంటే, ఈ తరంలో ఇచ్చిన ఆడపడుచు కూతురు వచ్చే తరంలో కోడలై వస్తుంది. బాకీ తీరిపోతుంది. తీరిపోతుంది కాబట్టే గొలుసు పొడుగు సాగదు అంటారు ఆయన.

హోస్ట్: మనవాళ్ళు అక్క కూతుర్ని కూడా చేసుకుంటారుగా?

మేడమ్: చుట్టరికాల బొమ్మ గీసేవాళ్ళకి చిక్కు అక్కడే. మేనమామే పెళ్ళికొడుకు, తరాల గీత అడ్డంగా తెగిపోతుంది. దక్షిణ భారతం మీద ఇంకో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లూయీ ద్యుమోఁ ఇంకో దారి పట్టారు. తమిళనాట ఊళ్ళల్లో ఉండి చూసిన మనిషి ఆయన. అమ్మ తమ్ముడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే. అంటే వియ్యం పెళ్ళితో మొదలవదు, తరం నుంచి తరానికి వారసత్వంగా వస్తుందన్నారు. మన వరసలకి ఈ మాటే బాగా అతుకుతుందని నా అభిప్రాయం.

హోస్ట్: ఇంతకీ ఆడవాళ్ళు ఇచ్చిపుచ్చుకునే సరుకా?

మేడమ్: ఆ తగువు ఇప్పటికీ ఉంది. ఆడది మాటల్లా ఇచ్చిపుచ్చుకునే గుర్తు మాత్రమే కాదు, తనూ మాట్లాడే మనిషి అని పుస్తకం చివర్లో ఆయనే ఒప్పుకుంటారు. చివర్లో, అదీ సంగతి. అయినా స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బోవ్వార్ 1949లోనే ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాశారు.

హోస్ట్: రెండో పెళ్ళి?

మేడమ్: 1946లో రోజ్-మరీ ఉల్మోతో. 1947లో కొడుకు లోరాఁ పుట్టాడు. అదీ నిలవలేదు. ఇష్టంగా పోగుచేసుకున్న వస్తువులు ఆ రోజుల్లోనే అమ్ముకోవలసి వచ్చింది. కొన్ని మనోవిశ్లేషకుడు లకాఁ కొన్నారు.

హోస్ట్: మూడో ఆవిడ పరిచయం కూడా లకాఁ ఇంట్లోనేగా?

మేడమ్: అవును, మోనిక్ రొమాఁ. 1954లో పెళ్ళి, 1957లో మాత్యూ పుట్టాడు. 2009లో ఆయన నూరేళ్ళు దాటి పోయేదాకా కలిసే ఉన్నారు. ఆవిడ సొంత రంగం వస్త్రచరిత్ర. కాశ్మీరు శాలువాల మీద, వాటిని చూసి ఫ్రాన్సులో నేసిన శాలువాల మీద ఆవిడ చేసిన పని చూడండి, భర్త పేరు పక్కన పెట్టి.

హోస్ట్: దీనా తర్వాత ఏం చేశారు?

మేడమ్: డ్రెఫ్యూస్ పేరుతోనే తత్వశాస్త్రం చెప్పారు. 1960లలో బడి టెలివిజన్ కోసం తత్వశాస్త్ర కార్యక్రమాలు తయారుచేశారు. ప్రశ్నలడిగేది అప్పటికి కుర్రాడైన తత్వవేత్త అలేన్ బద్యూ, జవాబులిచ్చే తత్వవేత్తల్లో మిషెల్ ఫూకో ఒకరు. ఆ రీళ్ళు ఇప్పటికీ దొరుకుతాయి.