చైనీయులకు ‘మాస్టికేట్’ నేర్పాలంటే

[తెరపై పెద్ద అక్షరాలతో: మాస్టికేట్]

వ్యాఖ్యాత: నమస్కారం. చైనా విద్యార్థులకు ఇంగ్లీషు పాఠాలు చెప్పే తెలుగువారి కోసం ఈ వీడియో.

మాస్టికేట్ అంటే నమలడం. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. ఎక్కడ వాడాలో చెప్పడమే అసలు పని. ఇంగ్లీషు తల్లి భోజనాల బల్ల దగ్గర పిల్లవాడితో ఈ మాట అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అక్కడ ‘చ్యూ’ అనాలి. దంతవైద్య గ్రంథంలో, జీవశాస్త్ర పాఠంలో అయితే మాస్టికేట్ చక్కగా ఒదుగుతుంది.

మనకైతే నమలడానికీ చర్వణానికీ ఉన్న తేడా గుర్తు చేస్తే చాలు. చైనీయులకు వాళ్ల లిపినే చూపించండి.

[తెరపై: నమలడాన్ని సూచించే చైనా అక్షరం. ఎడమ భాగం ఎరుపు, కుడి భాగం నీలం]

ఎడమవైపు చిన్న చదరం, అది నోరు. కుడివైపు ఉన్నది ఒకప్పటి మూడు కాళ్ల కంచు మద్యపాత్ర పేరు. ఇక్కడ దాని పని ఉచ్చారణ సూచించడమే. ఈ ఒక్క అక్షరాన్నే మాండరిన్‌లో ముఖ్యంగా రెండు రకాలుగా చదువుతారు. తిండి దగ్గర విడిగా వాడితే ‘జియావ్’. పుస్తకాల మాట ‘జ్యూజ్వే’లో చేరితే ‘జ్వే’. దవడను ఆడించే కండరాలకు వైద్యులు వాడే పేరు కూడా ‘జ్యూజ్వేజీ’. కాబట్టి జియావ్ పక్కన చ్యూ, జ్యూజ్వే పక్కన మాస్టికేట్ రాయించండి. బాగా నమిలి నెమ్మదిగా మింగమని చెప్పే ‘షీ జియావ్ మన్ యెన్’ అనే నానుడిలో ఉన్నది జియావే, అందుకని దానికి చ్యూ సరిపోతుంది.

[తెరపై: కవితల పుస్తకం]

చిక్కు ఇక్కడ వస్తుంది. పద్యాన్ని మళ్లీ మళ్లీ చదివి రసం గ్రహించడాన్ని కూడా చైనీయులు జ్యూజ్వే అంటారు. ఇంగ్లీషులో కవితను మాస్టికేట్ చేశానంటే కాగితం నమిలాననే అనుకుంటారు. అక్కడ ‘రూమినేట్’ కావాలి. మన నెమరువేయడంలాగే అది కూడా పశువుల కొట్టం నుంచి వచ్చిన మాటే.

ఇక ఉచ్చారణ. ఊనిక మొదటి అక్షరం మీద. మాండరిన్ మాటల చివర ‘ట్’ రాదు కనుక విద్యార్థులు దాన్ని మింగేస్తారు, లేదా తోక తగిలిస్తారు. మనమూ ‘మాస్టికేటు’ అనేవాళ్లమే, నవ్వే హక్కు లేదు! నాలుక కొసను పై చిగురుకు ఆనించి గాలి ఆపమనండి.

[తెరపై: పాత రబ్బరు యంత్రం బొమ్మ]

ఇంజినీరింగ్ విద్యార్థులకు మరొకటి చెప్పాలి. 1820లో ఇంగ్లండులో థామస్ హాంకాక్ రబ్బరు తుక్కును నలిపి ముద్ద చేసే ముళ్ల రోలరు యంత్రం తయారు చేశాడు. గుట్టు బయటపడకుండా దాన్ని ‘పికిల్’, అంటే ఊరగాయ అని పిలిచాడు! తరువాత అది మాస్టికేటర్ అయింది. ఇప్పటికీ ముడి రబ్బరును నలిపి మెత్తబరచడాన్ని ఇంగ్లీషులో మాస్టికేషన్ అనే అంటారు. చైనా కర్మాగారాల్లో అదే పని ‘సూలియెన్’. ఆ మాటలో నోరూ లేదు, పళ్లూ లేవు. రబ్బరు పాఠంలో మాస్టికేషన్ కనబడితే విద్యార్థి జ్యూజ్వే అని రాసుకోకుండా చూడండి.