కాటా ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్లదే: కాంగో కోబాల్ట్‌పై చర్చ

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: సింగరేణిలోనూ, తర్వాత ఆరేళ్లు కాంగోలోని కటాంగా ప్రాంతంలోనూ పనిచేసి రిటైరైన మైనింగ్ ఇంజనీరు, ఆర్థికశాస్త్రం బోధించే ప్రొఫెసర్, అంతర్జాతీయ వ్యవహారాలు రాసే విలేకరి.)

వ్యాఖ్యాత: నమస్కారం. మీరు ఈ కార్యక్రమాన్ని ఫోన్‌లో చూస్తుంటే ఆ ఫోన్ బ్యాటరీలో కాంగో మట్టి ఎంతో కొంత ఉండే ఉంటుంది. ప్రపంచంలో గనుల నుంచి తీసే కోబాల్ట్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో నుంచే వస్తోంది. రాగి ఉత్పత్తిలోనూ ఆ దేశం ముందు వరుసలో ఉంది. అయినా ప్రపంచ బ్యాంకు 2024 అంచనా ప్రకారం అక్కడ నూటికి 73 మందికి పైగా రోజుకు 2.15 డాలర్ల లోపే బతుకుతున్నారు. ఇంత సొమ్ము ఎక్కడ పోతోంది? సార్, ముందు మీతో మొదలుపెడదాం. మీరు చూసిన చోటు నుంచే చెప్పండి.

ఇంజనీరు: నేను కోల్వెజీలో ఉన్నానమ్మా. ఊరి చుట్టూ ఓపెన్‌కాస్టులే. ఎర్రదుమ్ము, వరసగా లారీలు. ఆ లారీలు కసుంబలేసా దగ్గర సరిహద్దు దాటి జాంబియా మీదుగా రేవులకు పోతాయి. అది పెద్ద కంపెనీల సరుకు. పక్కనే ఇంకో లోకం ఉంటుంది. చేత్తో తవ్వుకునేవాళ్లను అక్కడ క్రోజోర్లు అంటారు. లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఉంటారని అంచనా. మన సింగరేణిలో బాయి దిగాలంటే పైకప్పుకు సపోర్టు ఉండాలి, గాలి ఉండాలి, ముందుగా సర్దార్ చూసి సరే అనాలి. వాళ్లకు తాడు, టార్చి, గునపం. అంతే. నేను మొదటిరోజు ఆ గుంత అంచున నిలబడి లోపలికి చూసి వెనక్కి వచ్చేశాను. ముప్పై ఏళ్లు గనుల్లో చేసినవాణ్ణి, నాకు కాళ్లు ఆడలేదు.

వ్యాఖ్యాత: తవ్విన సరుకు ఎక్కడ అమ్ముతారు?

ఇంజనీరు: అసలు సంగతి అక్కడే ఉంది. కోల్వెజీ శివార్లలో ముసోంపో అని ఒక చోటు. వరసగా కొనుగోలు డిపోలు. బయట బోర్డు మీద ఇంత శాతం కోబాల్ట్ ఉంటే కిలోకి ఇంత అని రాసి ఉంటుంది. బస్తా మోటారు సైకిల్ మీద వస్తుంది, కాటా మీద పెడతారు, తర్వాత ఒక చేతి యంత్రం ఆనించి శాతం చూస్తారు. దాన్ని మెటోరెక్స్ అంటారు. కాటా డిపో వాడిది, మెటోరెక్స్ డిపో వాడిది, దాని మీద అంకె చదివేదీ వాడే. శాతం తగ్గించి చెబుతున్నారని తవ్వేవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మనవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు ముందు, తరుగు లెక్క ముందు నిలబడ్డ రైతు మొహం చూసినవాళ్లకు అది తెలుసు. నాకైతే ముసోంపోలో మా నాన్న గుర్తొచ్చాడు.

విలేకరి: సార్ చెప్పిన బస్తా కథే దేశం స్థాయిలోనూ జరిగింది. 2010 నుంచి 2012 మధ్య ప్రభుత్వ సంస్థలు ఐదు గనుల వాటాలు అమ్మాయి. కొన్నవి ఎక్కువగా బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో నమోదైన కంపెనీలు. అసలు యజమానులు ఎవరో బయటికి కనిపించరు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ నాయకత్వంలోని ఆఫ్రికా ప్రోగ్రెస్ ప్యానెల్ 2013లో లెక్క కట్టింది: అమ్మిన ధరకూ అసలు విలువకూ తేడా వల్ల దేశం కనీసం 136 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2012లో ఆ దేశం వైద్యానికీ చదువుకూ కలిపి పెట్టిన బడ్జెట్‌కు ఇది దాదాపు రెట్టింపు. 2017 డిసెంబరులో, కాంగో గనుల బేరాల్లో అవినీతి ఆరోపణలతో, డాన్ గెర్ట్లర్ అనే ఇజ్రాయెల్ వ్యాపారి మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు కూడా ఈ అంకెనే ఉటంకించింది. తానేమీ తప్పు చేయలేదనే ఆయన మొదటినుంచీ అంటున్నారు. కానీ ఆయనతో కలిసి కాంగో గనుల్లో వ్యాపారం చేసిన స్విట్జర్లాండ్ కంపెనీ గ్లెన్‌కోర్ 2022లో కాంగో సహా పలు దేశాల్లో లంచాలిచ్చినట్టు అమెరికాలో నేరం ఒప్పుకుంది. ఆ ఏడాది చివర్లో కాంగోకు 18 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

ప్రొఫెసర్: ఇక్కడ ఒక్కమాట. "లంచం" అనగానే మనం నలుగురు చెడ్డవాళ్ల కథలోకి వెళ్లిపోతాం. ఆ నలుగురికి అంత చోటెలా దొరికిందన్నదే నా ప్రశ్న. జెకామిన్ అనే ప్రభుత్వ సంస్థ చరిత్ర చూడండి. బెల్జియం కాలపు యూనియన్ మినియేర్‌ను 1960ల చివర్లో జాతీయం చేస్తే పుట్టిన సంస్థ. 1980లలో ఏటా నాలుగున్నర లక్షల టన్నులకు పైగా రాగి తీసింది. కార్మికులకు బడులు, ఆస్పత్రులు, నెలనెలా మొక్కజొన్న పిండి. అప్పటి నియంత మొబూటు ప్రభుత్వం దాన్ని పాడి ఆవులా పిండింది, తిరిగి మేత పెట్టలేదు. 1990లో కామోటో భూగర్భ గని కూలింది. నాలుగేళ్లకు ఉత్పత్తి ముప్పై వేల టన్నుల దగ్గరికి పడిపోయింది. 2003లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో "స్వచ్ఛంద విరమణ" అని పది వేల మందికి పైగా కార్మికులను ఇంటికి పంపారు.

ఇంజనీరు: అవును మేడమ్. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లలో చాలామంది ఆ కుటుంబాల పిల్లలే. తండ్రి హెల్మెట్ పెట్టుకుని జీతానికి దిగిన నేలలోకే కొడుకు ఉత్త నెత్తితో దిగుతున్నాడు.

ప్రొఫెసర్: అదే చెప్పబోతున్నా. సంస్థ చచ్చిపోతే ఖనిజం చావదు. తెలివైన ఇంజనీర్లు, జియాలజిస్టులు ఉన్న రోజుల్లో తన గని విలువెంతో జెకామిన్‌కు తెలుసు. తర్వాత ఆ విలువ కొనేవాడు చెబితేనే తెలిసేది. అమ్మేవాడికి తన సరుకు విలువ తెలియకపోవడమో, తెలిసినా చెప్పకుండా సంతకం పెట్టే అధికారం ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఉండడమో, రెంటిలో ఏదైనా చాలు.

వ్యాఖ్యాత: చైనా ఒప్పందం సంగతేంటి? గనులిస్తే రోడ్లు వేస్తామన్నారు కదా.

విలేకరి: సికోమిన్. 2008లో కుదిరింది. చైనా కంపెనీలకు 68 శాతం, జెకామిన్‌కు 32 శాతం. బదులుగా 300 కోట్ల డాలర్ల రోడ్లు, ఆస్పత్రులు. 2023లో కాంగో ఆర్థిక తనిఖీ విభాగం లెక్క చూస్తే, పదిహేనేళ్లలో పనుల మీద ఖర్చయింది 82 కోట్ల డాలర్ల చిల్లర. 2024 మార్చిలో ఒప్పందం తిరగరాశారు. ఇప్పుడు రోడ్లకు 700 కోట్ల డాలర్ల దాకా అంటున్నారు.

ఇంజనీరు: పడమటి కంపెనీ అయినా చైనా కంపెనీ అయినా తవ్వేవాడికి తేడా లేదు బాబూ. దీన్ని చైనా గొడవగా చూపించే చర్చలు చూస్తే నాకు బాధేస్తుంది. బెల్జియం రాజు లియోపోల్డ్ రబ్బరు కోసం చేతులు నరికించిన దేశం అది. అప్పుడు అక్కడ చైనా ఎక్కడుంది?

వ్యాఖ్యాత: 2018లో కొత్త మైనింగ్ కోడ్ తెచ్చారు. దానితో ఏమైనా మారిందా?

ప్రొఫెసర్: కాగితం మీద చాలా మంచి చట్టం, మనస్ఫూర్తిగానే అంటున్నాను. కోబాల్ట్ మీద రాయల్టీ, అంటే ఖనిజం తీసినందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టే సొమ్ము, అంతకుముందు 2 శాతం. దాన్ని "వ్యూహాత్మక ఖనిజం"గా ప్రకటించి 10 శాతం చేశారు. రాయల్టీలో సగం కేంద్రానికి, 25 శాతం రాష్ట్రానికి, 15 శాతం గని ఉన్న చోటి స్థానిక సంస్థకు, 10 శాతం రాబోయే తరాల నిధికి. కంపెనీ టర్నోవర్‌లో 0.3 శాతం చుట్టుపక్కల ఊళ్ల అభివృద్ధికి. మన దగ్గర 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టినప్పటి ఆలోచన కూడా ఇలాంటిదే. ఆ డబ్బు గని పక్క ఊరికి చేరిందా, జిల్లా కేంద్రంలో భవనాలకు పోయిందా అని మనం ఇక్కడ ఎంత పోట్లాడుకుంటున్నామో, అక్కడా అదే పోట్లాట.

విలేకరి: మేడమ్, మన దగ్గర కనీసం సర్పంచిని ఓడించవచ్చు.

ప్రొఫెసర్: సరిగ్గా పట్టుకున్నారు. అక్కడ స్థానిక సంస్థల పెద్దలు దశాబ్దాలుగా పైనుంచి వేసినవాళ్లే. పురపాలక కౌన్సిలర్ల ఎన్నికలు 2023 డిసెంబరులో జరిగాయి, అదీ దేశంలో కొన్నిచోట్లే. అకౌంటెంటు లేని ఆఫీసుకు ఒక్కసారిగా లక్షల డాలర్లు వచ్చి పడితే, అడిగే ఓటరు లేకపోతే, ఏమవుతుందో ఊహించుకోండి.

వ్యాఖ్యాత: బోట్స్‌వానాను అందరూ ఉదాహరణగా చెబుతారు...

ప్రొఫెసర్: చెప్పాలి కూడా. 1967లోనే ఖనిజాలు తెగలవి కావు, దేశానివి అని చట్టం చేశారు. వజ్రాల కంపెనీలో సగం వాటా బేరమాడి తెచ్చుకున్నారు. వచ్చిన డబ్బుతో బడులు కట్టారు. కానీ అసమానతలు ఎక్కువగా ఉన్న దేశాల్లో బోట్స్‌వానా నేటికీ ఒకటి. దొంగతనం ఆగితే సగం పనే అయినట్టు. పంపకం వేరే పని.

విలేకరి: ఇప్పటి పరిణామం కూడా చూడాలి. 2025 ఫిబ్రవరిలో కాంగో కోబాల్ట్ ఎగుమతి ఆపేసింది. ధర మరీ కిందికి పడిపోయింది కాబట్టి. అక్టోబరులో కోటాలు పెట్టింది: ఆ ఏడాది మిగిలిన కాలానికి 18,125 టన్నులు, 2026, 2027ల్లో ఏటా 96,600 టన్నులు. 2024లో తవ్వినదాంట్లో ఇది సగం కన్నా తక్కువ. ఇది మంచి అడుగనే నా అభిప్రాయం. మొదటిసారి ఆ దేశం తన బలం తాను వాడుకుంది.

ఇంజనీరు: నేను ఒప్పుకోను. పూర్తిగా కాదు, కొంత. కోటాలు పంచింది కంపెనీలకు. ఎగుమతి బిగిస్తే ముందు కొనడం మానేసేది డిపో వాడు. ఆ రాత్రి పొయ్యి వెలగనిది క్రోజోర్ ఇంట్లో. పైగా ఇండొనేసియాలో నికెల్‌తో పాటు కోబాల్ట్ వస్తోంది. కోబాల్ట్ అక్కర్లేని బ్యాటరీలతో కార్లు నడుస్తున్నాయి. ఎక్కువ కాలం బిగించి కూర్చుంటే కొనేవాడు దారి మార్చుకుంటాడు.

విలేకరి: మరి చవగ్గా అమ్ముకుంటూ పోవాలా సార్?

ఇంజనీరు: అనను. అలా వచ్చే ధర పెరుగుదలలో తవ్వేవాడి వాటా ఎంతో చట్టంలో రాయమంటాను. సింగరేణిలో దసరా ముందు లాభాల వాటా కార్మికుడి ఖాతాలో పడుతుంది. యూనియన్లు కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది, ఎవరూ దయతో ఇచ్చింది కాదు. క్రోజోర్‌కు కంపెనీ లేదు, యూనియన్ లేదు. చాలాచోట్ల అతను తవ్వడమే నేరం. కంపెనీ లీజు భూమిలోకి దొంగచాటుగా దిగుతారు. 2019 జూన్‌లో అలాగే కోల్వెజీ దగ్గర ఓపెన్‌కాస్టు మెట్లు విరిగిపడి దాదాపు నలభై మంది పోయారు. తర్వాత సైన్యాన్ని దింపారు, మిగిలినవాళ్లను తరమడానికి. చట్టబద్ధంగా తవ్వుకోవడానికి వేరే స్థలం ఇవ్వాలని ఆ దేశ చట్టమే చెబుతోంది. ఇచ్చిన చోట్లలో మంచి ఖనిజం ఎక్కడుంది? ఉన్న నేలంతా లీజుల్లోనే ఉంది.

వ్యాఖ్యాత: సమయం తక్కువుంది. ముందుగా ఒక్క పని చేయమంటే?

విలేకరి: ప్రభుత్వ వాటా ఏది అమ్మినా ముందే బయటివాళ్లతో విలువ కట్టించి, ఆ అంకె ప్రకటించాలి. ఒప్పందాలు అరవై రోజుల్లో ప్రచురించాలని 2011లోనే ఉత్తర్వు ఉంది. సంతకం అయ్యాక ప్రచురిస్తే శవపరీక్షే అవుతుంది.

ప్రొఫెసర్: నేనైతే స్థానిక ఎన్నికలంటాను. అంకె ప్రకటిస్తే చదివి నిలదీసే మనిషి కావాలి కదా.

వ్యాఖ్యాత: సార్?

ఇంజనీరు: ముసోంపోలో కొనేవాడిది కాని కాటా, కొనేవాడిది కాని మెటోరెక్స్. మీకు చిన్నదిగా అనిపించవచ్చు. నాకు తెలిసిన ఆరుగురు కుర్రాళ్లు చందా వేసుకుని ఒక స్ప్రింగ్ కాటా కొన్నారు. డిపోలో దాన్ని చూసి, మా కాటాయే లెక్క అని పంపేశారు. అయినా వాళ్లు మానలేదు. ప్రతి బస్తా ఇంటిదగ్గర తూచి, ఒక బడి నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లు, పక్కనే డిపో చెప్పిన బరువు. అమ్మేది ఎలాగూ డిపో వాళ్లు చెప్పిన లెక్కకే కదా, ఇదంతా ఎందుకురా అని అడిగాను. ఎంత పోయిందో మాకు తెలియాలి కదా అన్నాడొకడు. నేను వచ్చేసే నాటికి రెండో పుస్తకం సగంలో ఉంది.