రేక్యవిక్ ఫ్లాపా? తువ్వాలు కింద బేరం చూడండి

ఎవర్ని కదిలించినా ఇదే మాట: "ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ అణ్వాయుధాల బేరానికి రెండు రోజులు కూర్చున్నారు, సంతకం లేకుండా లేచిపోయారు. ఫ్లాప్!" వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పశువుల సంతకి వెళ్లారా ఎప్పుడైనా? తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కుతూ రేటు చెప్పుకుంటారు. బేరం కుదరకపోవచ్చు. కానీ అవతలివాడు ఎంతదాకా దిగుతాడో చేతికి తెలిసిపోతుంది. ఇక ఆ రేటు దాచలేడు.

1986 అక్టోబర్ 11, 12. సముద్రం ఒడ్డున తెల్లటి చెక్క ఇల్లు, పేరు హోఫ్డీ. ఎంత ఇరుకంటే, అమెరికా అధికారులు బాత్‌టబ్ మీద పలక అడ్డంగా వేసి, దాన్నే బల్ల చేసుకుని ముసాయిదా రాశారు. అణుబాంబుల లెక్క స్నానాలగదిలో! ఈ ముక్క చెప్పకుండా నేను ఉండలేను.

సరే, తువ్వాలు కింద ఏ వేళ్లు పట్టుకున్నారు? ఖండాలు దాటే అణ్వాయుధాలు సగానికి సగం తగ్గిద్దాం. యూరప్‌లో మధ్యశ్రేణి క్షిపణులు సున్నా. రెండో రోజుకి అసలు అణ్వాయుధాలే వద్దనేదాకా వెళ్లింది మాట! మరి ఎక్కడ చెడింది? 'ప్రయోగశాల' అన్న ఒక్క మాట దగ్గర. క్షిపణుల్ని అంతరిక్షం నుంచి కూల్చే 'స్టార్ వార్స్' కవచం రీగన్‌కి ప్రాణం. దాని పరీక్షలు పదేళ్లపాటు ప్రయోగశాల గడప దాటకూడదని గోర్బచెవ్, కుదరదని రీగన్. ఎద్దు బేరం తెగి పలుపు దగ్గర తగాదా! పైగా ఆ పలుపు ఇంకా పేననే లేదు, పరిశోధన దశలోనే ఉంది. ఇద్దరూ మొండివాళ్లే అంటాను నేను.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 1987 ఫిబ్రవరిలో గోర్బచెవ్ పలుపు సంగతి పక్కన పెట్టి, మధ్యశ్రేణి క్షిపణుల లెక్క విడిగా తేల్చుకుందామన్నాడు. తువ్వాలు కింది రేటు ఇద్దరికీ తెలుసు కదా! డిసెంబర్ 8న వాషింగ్టన్‌లో ఐఎన్ఎఫ్, అంటే మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందం. 500 నుంచి 5,500 కిలోమీటర్లు వెళ్లే, నేల మీంచి వదిలే క్షిపణులు పూర్తిగా రద్దు. 1991కల్లా 2,692 ధ్వంసం: సోవియట్‌వి 1,846, అమెరికావి 846. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు, ఒకరి స్థావరాలకి ఇంకొకరి ఇన్‌స్పెక్టర్లు వెళ్లి మరీ చూసుకున్నారు. 1991 జులైలో స్టార్ట్ ఒప్పందం, ఖండాలు దాటే అణ్వాయుధాలు తగ్గించడానికి.

ఐఎన్ఎఫ్ నుంచి 2019లో అమెరికా బయటికొచ్చేసింది. అది ఇంకో వీడియో.