గీకే ముందే గీత: పడవ అడుగు రంగు ముచ్చట

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి స్టూడియోలో కాదు, హుస్సేన్ సాగర్ దగ్గర ఒక షెడ్‌లో కూర్చున్నాం. మధ్యమధ్యలో గ్రైండర్ మోత వినిపిస్తే ఏమనుకోకండి. పడవలు బాగుచేసే అన్న మనతో ఉన్నారు. అన్నా, పడవ అడుగుకు పాచి పట్టకుండా రంగు వేయాలంటే మొదటి పని ఏంటి?

అతిథి: స్క్రేపర్ పక్కన పెట్టడం. పడవ ఒడ్డెక్కగానే అందరి చెయ్యీ దాని మీదకే పోతది తమ్ముడూ. పాచి చూస్తే గీకేయాలనిపిస్తది. కానీ ఆ పాచి పై అంచే పడవ నీళ్ళలో ఎక్కడిదాకా మునిగి ఉందో చెప్పే సాక్ష్యం, రంగు ఎక్కడిదాకా వేయాలనే గీత దాన్ని బట్టే. గీకేశాక ఇంక అడగడానికి ఎవరూ ఉండరు. ముందు గుర్తులు పెట్టుకో, తర్వాత గీకు.

హోస్ట్: పాత రంగు అంచు ఉంటుంది కదా, రంగు పైకి పోకుండా దాని మీదే టేప్ అంటిస్తే పోలే?

అతిథి: పాత రంగు వేసినోడు సరిగ్గా వేశాడని నీకెవరు చెప్పారు? మధ్యలో ఇంజిన్ మారుస్తారు, ఇంకో బ్యాటరీ పెడతారు, సీట్ల కింద సామాను చేరుతది. పడవ కిందికి దిగుతది, గీత మాత్రం పాతదే.

హోస్ట్: అన్ని పడవలకూ ఈ రంగు అవసరమేనా? ఇక్కడ రేసుల్లో లేజర్లు, ఆప్టిమిస్టులు అనే చిన్న తెరచాప పడవలు చూస్తుంటాం కదా.

అతిథి: వాటికి అక్కర్లేదు. ఆట అయిపోగానే ఒడ్డుకు లాగేస్తారు, ఆరిపోతాయి. ఏడాది పొడుగునా నీళ్ళలోనే కట్టేసి ఉండే పడవలకే ఈ తంటా. సాగర్ నీళ్ళలో పాచికి కరువేముంది!

హోస్ట్: వానాకాలంలో సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే 513.41 మీటర్లకు వచ్చిందనుకోండి, అప్పుడు గీత మారదా?

అతిథి: (నవ్వుతూ) చెరువు నిండితే పడవ కూడా పైకి లేస్తది కదా! చెరువు మట్టంతో పని లేదు, పడవ మీద బరువుతోనే పని. ఒక లెక్క చెప్తా. నీళ్ళ మట్టం దగ్గర పడవను అడ్డంగా కోసినట్టు ఊహించు, ఆ కోత వైశాల్యం 6 చదరపు మీటర్లు అనుకో. అది ఒక్క సెంటీమీటర్ దిగాలంటే 60 కిలోలు పడాలి. అంటే ఒక మనిషి. ఆరుగురు ఎక్కితే ఆరు సెంటీమీటర్లు.

హోస్ట్: మరి కాకినాడ నుంచో, వైజాగ్ నుంచో తెచ్చిన పడవ అయితే? ఉప్పు నీళ్ళలో ఎక్కువ తేలుతుందంటారు కదా.

అతిథి: నిజమే, సముద్రం నీళ్ళు దాదాపు రెండున్నర శాతం బరువెక్కువ. కానీ టన్ను బరువున్న ఇదే పడవకు తేడా ఎంతొస్తదో తెలుసా? నాలుగు మిల్లీమీటర్లు! దాని గురించి గంటలకొద్దీ వాదించేవాళ్ళను చూశా. నలుగురు మనుషుల బరువు లెక్కలోకి తీసుకోరు, ఉప్పు గురించి మాత్రం లొల్లి. పెద్ద ఓడలకైతే అది పెద్ద విషయమే, పాతిక సెంటీమీటర్లు కూడా తేడా రావచ్చు. అందుకే ఓడ పక్కన, సరుకుతో ఎక్కడిదాకా మునగొచ్చో చూపే ప్లిమ్‌సోల్ గుర్తు దగ్గర మంచినీళ్ళకు ‘ఎఫ్’ అని వేరే గీత ఉంటది. శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే బ్రిటిష్ ఎంపీ కొట్లాడితే 1876లో అక్కడ లోడ్ గీత చట్టం వచ్చింది.

హోస్ట్: సరే, మన పడవకు వద్దాం. గుర్తు ఎట్లా పెట్టాలి?

అతిథి: ఒడ్డుకు లాగక ముందే మొదలుపెట్టాలి. తెల్లారగట్ల గాలి లేనప్పుడు పో. డీజిల్, బ్యాటరీ, లంగరు ఎక్కడుండేవి అక్కడుండాలి. మనుషుల బదులు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు పెట్టు, మూడు క్యాన్లు ఒక మనిషి. ఇక పడవ పై అంచు నుంచి నీళ్ళదాకా స్కేల్‌తో కొలువు. ముక్కు దగ్గర, వెనక, మధ్యలో రెండు పక్కలా. తడి పడవ మీద పెన్సిల్ రాయదు, నోట్‌బుక్‌లో రాసుకో. కానీ ఆ పడవలోనే నిలబడి వంగి కొలవొద్దు. నువ్వు వంగిన పక్కకు అది ఒరుగుతది, కొలత తప్పు వస్తది. జెట్టీ మీద నుంచో, ఇంకో పడవలోంచో కొలవాలి.

హోస్ట్: ఒడ్డుకొచ్చాక అవే కొలతలు పడవ మీద పెట్టేస్తే నాలుగు చుక్కలు వస్తాయి. వాటిని కలపడం ఎట్లా? పడవ ఒళ్ళంతా వంపులే కదా.

అతిథి: అసలు పని అదే. ముందు పడవ కింద చెక్కలు దోపి, ముక్కు చుక్క, వెనక చుక్క ఒకే ఎత్తుకు తేవాలి. తర్వాత మధ్యలో అటూ ఇటూ చుక్కలు కూడా. నాలుగూ ఒకే మట్టానికి వచ్చాయంటే, పడవ నీళ్ళలో ఎట్లా నిలబడిందో నేల మీద కూడా అట్లనే ఉన్నట్టు. ఇక మేస్త్రీల దగ్గర లెవెల్ ట్యూబ్ ఉంటది కదా, నీళ్ళు పోసిన సన్న పైపు. అది చాలు. ఒక కొన ముక్కు గుర్తు దగ్గర కట్టు, రెండో కొన పట్టుకొని పడవ చుట్టూ తిరుగు. ముక్కు దగ్గర నీళ్ళు గుర్తుకు సరిగ్గా ఉన్నప్పుడు, నీ చేతిలోని కొనలో నీళ్ళు నిలిచిన ఎత్తులో చుక్క పెట్టు. జానకొక చుక్క, వంపు ఎక్కువున్న చోట ఇంకా దగ్గర దగ్గరగా.

హోస్ట్: వెలుగు గీతతో మట్టం చూపే లేజర్ లెవెల్ దొరుకుతోంది కదా ఇప్పుడు?

అతిథి: ఉంటే వాడు, పని తొందరగా అవుతది. ఎండలో ఆ గీత కనపడదు, పొద్దుగూకాక పెట్టుకో. ట్యూబ్ అయితే బుడగలు చూసుకోవాలి. ఒక్క గాలి బుడగ లోపలుంటే మట్టం అబద్ధం చెప్తది. రెండు కొనలూ తెరిచే ఉంచాలి, వేలితో మూస్తే నీళ్ళు కదలవు.

హోస్ట్: ఆ చుక్కల మీదే రంగు అంచు వస్తుందా?

అతిథి: రాదు, మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పైన రావాలి. అలలు కొడతాయి, ఇంకో ఇద్దరు ఎక్కుతారు. పై భాగానికి వేసే మెరుపు రంగులు ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండటానికి చేసినవి కావు, పొక్కులొస్తాయి. అయితే ఇక్కడ అందరూ పప్పులో కాలేస్తారు. కొలత టేప్ పెట్టి పడవ ఒంటి మీద మూడు సెంటీమీటర్లు కొలుస్తారు. కొలవాల్సింది నిట్టనిలువు ఎత్తు! పక్కలు నిలువుగా ఉన్న చోట రెండూ ఒకటే. వెనక అడుగు పడుకున్నట్టు ఉంటది చూడు, 15 డిగ్రీల వాలే ఉందనుకో, మూడు సెంటీమీటర్ల ఎత్తు అక్కడ పడవ ఒంటి మీద పదకొండున్నర అవుతది.

హోస్ట్: అంత వెడల్పా! దగ్గర నుంచి చూస్తే తప్పు చేశామనిపిస్తుంది కదా.

అతిథి: అనిపిస్తది, ఓనర్ వచ్చి అడుగుతాడు కూడా. నీళ్ళలో దించాక దూరం నుంచి చూడమను, అంచు తిన్నగా కనపడతది. అందుకే ట్యూబ్‌నే మూడు సెంటీమీటర్లు పైకి కట్టి ఇంకో చుట్టు తిరగమంటా. కొలిచే పనే ఉండదు.

హోస్ట్: ఇప్పుడు గీకొచ్చా?

అతిథి: (నవ్వుతూ) ఆగు! గీకితే పెన్సిల్ చుక్కలు పోతాయి. ముక్కు దగ్గర, వెనక, పక్కల సెంటర్ పంచ్‌తో, అదే మొనదేలిన ఇనుప పనిముట్టుతో, చిన్న గాట్లు పెట్టు. ఫైబర్ పడవైతే పైపైనే, లోతుకు పోవద్దు. వచ్చేసారి మళ్ళీ ఈ కథంతా ఉండదు. ఇప్పుడు గీకు, కానీ తడిపి గీకు. పాచి పట్టకుండా వేసే రంగుల్లో ఎక్కువగా రాగి ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవద్దు. గీకిన పొట్టు పట్టా పరిచి మూటగట్టు, చెరువులోకి పోనీయకు.

హోస్ట్: అల్యూమినియం పడవ ఉన్నవాళ్ళు?

అతిథి: రాగి రంగు జోలికే పోవద్దు. అల్యూమినియాన్ని తినేస్తది. దానికి వేరే రంగులున్నాయి, డబ్బా మీద చదివి కొనాలి.

హోస్ట్: చివరిగా, టేప్ ఎప్పుడు పీకాలి?

అతిథి: చివరి కోటు వేలికి కొద్దిగా అంటుతుండగానే. పూర్తిగా ఆరాక లాగితే రంగు పెచ్చులతో సహా వస్తది. టేప్‌ను దాని మీదికే మడుస్తూ మెల్లగా లాగు. నీళ్ళలోకి ఎప్పుడు దించాలో డబ్బా మీదే రాసుంటది, కొన్ని రంగులు ఎక్కువ రోజులు ఒడ్డున ఆరితే పనిచేయవు. అందుకే ముందు క్రేన్ వాడిని మాట్లాడుకో, తర్వాత డబ్బా మూత తియ్యి.